ఒడి బరువు

నమోదు 1

పురుళ్ళు పోసే నాంచారమ్మగారు తలుపు తట్టారు గాని లోపలికి రాలేదు. గడప దగ్గరే నిలబడి నన్ను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి, కాళ్ళ నుంచి తల దాకా ఒకసారి చూశారు.

"మాస్టారూ, మీ బరువెంత?"

"ఎక్కడ?"

"భూమ్మీది లెక్కే చెప్పండి. ఇక్కడి లెక్క ఎవరిక్కావాలి."

"నూట పన్నెండు. ఏడాది కిందటి మాట."

"రేపు పొద్దున్న పురిటి గదికి రండి. గోళ్ళు తీయించుకుని రండి."

ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. నా భార్య వకుళ పోయాక ఎవరినీ ఏమీ అడగడం లేదు. అడగకపోతే వచ్చినవాళ్ళు త్వరగా వెళ్ళిపోతారు. ఈవిడా వెళ్ళిపోయారు గాని పని అంటగట్టి వెళ్ళారు.

శిక్షణలో చేరినవాళ్ళు చిట్టా రాయాలట. వారానికోసారి ఆవిడ చదువుతారట. కాబట్టి ముందే రాసేస్తున్నాను. నాంచారమ్మగారూ, నా పేరు నరహరి. పిల్లలు లేరు. పురుడు ఎన్నడూ చూడలేదు. సొరంగాలు తవ్వేవాళ్ళకు నేల గట్టితనం గురించి పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. మీరు వెతుకుతున్న మనిషి నేను కాదు.

(అంచున ఆవిడ రాత: మీరే. బరువు అడిగే వచ్చాను కదా.)

నమోదు 2

ఈ పనికి ఊళ్ళో పేరు ఒడి. చేసేవాళ్ళు ఒడిమనుషులు. ప్రసవ సహచరులు అనే మాట కాగితాల మీదే ఉంది.

చంద్రుడి మీద బరువు ఆరో వంతు. బిడ్డను కనే మనిషి కాళ్ళు తన్నిపెట్టి ముక్కితే బిడ్డకంటే ముందు ఆవిడే బయల్దేరుతుంది. మొదట్లో పట్టీలు కట్టారట. కట్టేసరికి భయంతో నొప్పులే ఆగిపోయాయట. తర్వాత వీపుకు ఇసక బస్తాలు పెట్టి చూశారు. సీసపు చొక్కా తొడిగిన మనుషుల్ని పెట్టి చూశారు. చొక్కా గుచ్చుకుంటోందని తల్లులు తన్నారు. ఆఖరికి తేలిందేమిటంటే, వెనక ఒక బరువైన మనిషి కూర్చుని, చంకల కింద నుంచి చేతులు పోనిచ్చి ఆవిడను తనకు ఆనించుకుంటే చాలు. కండ ఉన్న మనిషి. సీసం కాదు.

అలాంటి మనుషులు ఇక్కడ తక్కువ. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు సన్నగా, పొడుగ్గా ఉంటారు. నాతోపాటు చేరిన షంషాద్ అచ్చం మునగకాడ. ఇరవై ఏళ్ళుంటాయి. నాంచారమ్మగారికి చేతికింద సాయం చేయడానికి చేరింది గాని, ఒడి పాఠం కూడా వినాలన్నారు.

పాఠం మొత్తం మూడు మాటలు. "ఎగరనివ్వకండి. నలపకండి. వాగకండి."

తర్వాత బొమ్మను తెచ్చారు. లోపల స్ప్రింగులున్న బరువైన బొమ్మ. నొప్పి వచ్చినప్పుడు తన్నుతుంది. మొదట షంషాద్ కూర్చుంది. బొమ్మ తన్నింది. ఇద్దరూ కలిసి కప్పుకు వెళ్ళారు. అక్కణ్ణుంచే షంషాద్ అంది, "మేడమ్, తల్లి క్షేమం."

తర్వాత నేను కూర్చున్నాను. బొమ్మ తన్నింది. నేను కదలలేదు. మళ్ళీ తన్నింది. నేను కదలలేదు.

"చూశావా. ఒడి అంటే అదీ" అన్నారు నాంచారమ్మగారు.

"అది ఒడి కాదు మేడమ్, పునాది" అంది షంషాద్.

నమోదు 4

మగవాళ్ళు ఒడి కూర్చోవచ్చా అని ఊరి కమిటీలో చర్చ జరిగిందట. ఆడవాళ్ళలో ఇంకో నూరు కేజీల మనిషిని చూపించమని నాంచారమ్మగారు అడిగారట. అందరూ అటూ ఇటూ చూసి, ఎవరి పేరు చెప్పినా ఇంటికెళ్ళాక ఏమవుతుందో ఆలోచించి, ఒప్పుకున్నారట.

ఇవాళ్టి పాఠం నడుము నొక్కడం. నొప్పి వచ్చినప్పుడు తుంటి ఎముకల మీద అరచేతి మడమతో నొక్కాలి. వేళ్ళతో కాదు. ఇంటిపని కింద మెస్సులో చపాతీ పిండి పిసకమన్నారు. పిసికాను. మెస్సువాళ్ళకు సంతోషమైంది. రేపు కూడా పాఠం ఉందా అని అడిగారు.

రెండో పాఠం ఊపిరి. వెనక మనిషి ఊపిరి తల్లి వీపుకు తెలుస్తుందట. ఇతను గాబరా పడితే ఆవిడా గాబరా పడుతుంది. ఇతను నిదానిస్తే ఆవిడ తెలియకుండానే నిదానిస్తుంది. "బరువొక్కటే కావాలంటే బస్తాతో సరిపెట్టేదాన్ని" అన్నారు.

నా ఊపిరి బాగుందన్నారు. ఏడాదిగా దాన్ని కదిలించే పని పడలేదని చెప్పలేదు.

చిట్టాలో ప్రతిసారీ ఏమనిపించిందో ఒక్క వాక్యమైనా రాయాలట. పిండి గట్టిగా ఉంది అనిపించింది.

(అంచున: ఇది వాక్యమే. మీరు చెప్పదలచినది మాత్రం ఇది కాదు.)

నమోదు 7

దీవెన వచ్చింది. మంచు తవ్వే విభాగంలో డ్రిల్లు తొక్కుతుంది. ఏడో నెల. ఒడిమనిషిని ఎంచుకునే హక్కు తల్లిదే. ఊళ్ళో ఇద్దరే ఉండేవారు. ఒకాయన భూమికి వెళ్ళిపోయాడు. ఇంకొకావిడకు మోకాలి ఆపరేషన్. మిగిలింది శిక్షణ పూర్తికాని నేను. అయినా ఆ పిల్ల కూరగాయలు ఏరినట్టు ఏరింది.

"మీరు ఎక్కువ మాట్లాడతారా?"

"అవసరమైతే."

"అవసరం ఎప్పుడెప్పుడు వస్తుంటుంది?"

"ఈ మధ్య రాలేదు."

"ఈయన నాకు కావాలి" అంది నాంచారమ్మగారితో. "ఆ మోకాలి పెద్దమ్మ నా స్నేహితురాలికి కూర్చుంది. నిమిషానికోసారి అంతా బాగుంటుంది, అంతా బాగుంటుంది. నా స్నేహితురాలు ఆవిడ చెయ్యి కొరికింది."

భర్త రత్నం పక్కనే ఉన్నాడు. గాలి విభాగంలో గుమాస్తా. ఇక్కడే పుట్టినవాడు, షంషాద్‌కి అన్నలా ఉంటాడు. రక్తం చూడలేడట.

"టమాటా చారు చూసినా కళ్ళు తిరుగుతాయి" అంది దీవెన.

"అబద్ధం" అన్నాడు రత్నం.

"నిజమే. మెస్సులో చూశాను" అంది షంషాద్.

అసలు విషయం తర్వాత చెప్పింది. ఒడి దొరకని తల్లుల్ని చక్రానికి పంపుతారు. బండిలో సగం రోజు దూరంలో ఉన్న పెద్ద ఆసుపత్రిలో గిరగిరా తిరిగే వార్డు అది. ఆ తిప్పుడుకు లోపల భూమ్మీది బరువు వస్తుంది. బరువుతో పాటు వాంతులూ వస్తాయి, ముఖ్యంగా ఇక్కడ పుట్టినవాళ్ళకు. దీవెన మొదటి కాన్పు అక్కడే. వాంతులు ఆగక మత్తు ఇచ్చారు. లేచేసరికి పిల్లకు స్నానం చేయించి, చేతికి నంబరు కట్టి, పక్క గదిలో పడుకోబెట్టి ఉంది.

"అది నా పిల్లేనని వాళ్ళు చెబితే నమ్మాను. ఈసారి వాళ్ళు చెప్పక్కర్లేదు. నేను చూడాలి" అంది.

వెళ్ళేముందు అడిగింది, "బాబాయ్ అని పిలవనా? పేరు పెట్టి పిలుస్తూ ఒళ్ళో కూర్చోలేను."

పిలవమన్నాను.

నమోదు 9

తూనికల అధికారి భుజంగంగారు వచ్చారు. ఒడిమనిషి నూరు కేజీలకు తగ్గకూడదని నిబంధన. పక్క ఊళ్ళో తొంభై కేజీలాయన కూర్చుంటే, తల్లీ ఆయనా కలిసి లేచి పక్కకు పడ్డారట. బిడ్డ భుజం విరిగిందట. అప్పటి నుంచీ ఈ నిబంధన. కారణం ఉన్న నిబంధన కాబట్టి నేనేమీ అనలేను.

భుజంగంగారు కూడా భారీ మనిషే. నూట ముప్ఫైకి పైనే ఉంటారు. ఆయన కూర్చోడానికి ఆఫీసువాళ్ళు వేరే కుర్చీ చేయించారు. ఒడికి రమ్మని నాంచారమ్మగారు ఒకప్పుడు అడిగితే, ప్రభుత్వోద్యోగి పరాయి స్త్రీని ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం సర్వీసు నియమాల్లో లేదని రాతపూర్వకంగా జవాబిచ్చారట.

కాటా ఎక్కాను. నూట మూడు.

"నూట పన్నెండని రాసి ఉందే?" అన్నారు.

"ఏడాది కిందటి మాట."

"ఇలాగే పోతే వచ్చే నెల పరీక్షకు మిగలరు మాస్టారూ."

నేను రోజూ తింటూనే ఉన్నాను. వకుళ ఉన్నప్పుడు నా ప్లేటులోది ఆవిడ తీసుకునేది. ఆవిడ ప్లేటులోది నేను తీసుకునేవాణ్ణి. ఎవరు ఎక్కువ తినేవారో ఇద్దరికీ తెలియదు. ఇప్పుడు నా ప్లేటులో వడ్డించింది వడ్డించినట్టే ఉంటుంది. చల్లారాక లేస్తాను.

నమోదు 10

పై నమోదు నాంచారమ్మగారు చదివినట్టున్నారు. షంషాద్‌కు చెప్పినట్టున్నారు. షంషాద్ ఊరందరికీ చెప్పింది.

పొద్దున్న షంషాద్ వాళ్ళమ్మ పుట్టగొడుగుల పులావు పంపింది. గిన్నె ఖాళీ చేస్తేగాని తిరిగి తీసుకోవద్దని పిల్లకు ఆజ్ఞ. ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుని ప్రతి ముద్దా లెక్కపెట్టింది. మధ్యాహ్నం దీవెన తొట్టె రొయ్యల వేపుడు తెచ్చి, నేను తింటుంటే తనే సగం తినేసింది. కడుపుతో ఉన్న మనిషిని ఏమంటాం. సాయంత్రం రత్నం ఒక కాగితం తెచ్చాడు. నేను రోజుకు ఎంత తినాలి, ఎంత తక్కువ నడవాలి, అన్నీ లెక్కలు వేసి ఉన్నాయి. నడక తగ్గించడానికి నన్ను గాలి విభాగం చెత్తబండిలో మెస్సుకు చేరవేస్తానన్నాడు. వద్దన్నాను. మర్నాడు బండి వచ్చింది.

ఊళ్ళో అందరూ నా ప్లేటులో చెయ్యి పెడుతున్నారు, వడ్డించడానికి. ఇబ్బందిగా ఉంది అనిపించింది.

(అంచున: ఇప్పుడు వాక్యం కుదిరింది.)

నమోదు 13

తొంభై ఏడు.

అంత తిన్నది ఏమైందో తెలియదు. నాంచారమ్మగారు నా నాలుక చూశారు, కళ్ళు చూశారు, రక్తం తీసి చూశారు. జబ్బు లేదన్నారు. "దానికి టైము కావాలి మాస్టారూ. తిండి లోపలికి వెళ్తోంది గాని ఇంకా మీకు చేరడం లేదు" అన్నారు.

టైము లేదు. పరీక్ష ఎల్లుండి.

కాటా ఎక్కే ముందు నీళ్ళు తాగమని షంషాద్ సలహా. మూడు కేజీల నీళ్ళు తాగిన మనిషి కాటా దాకా నడిచి వెళ్ళగలడా అని నా అనుమానం. వెళ్ళగలడు గాని నిలబడలేడని రత్నం లెక్క వేసి తేల్చాడు.

అప్పుడు దీవెన తన సంచి తెరిచింది. అందులో డ్రిల్లు నట్లు. అచ్చమైన ఉక్కు. ఒక్కొక్కటి గుప్పెడంత.

"ఇది మోసం" అన్నాను.

"కాదా మరి" అంది. "మీరు నిజంగా నూరుకు వచ్చేదాకా ఇవి మీ స్థానంలో కూర్చుంటాయి. నా నొప్పులకు ఇంకా టైముంది. అప్పటికి మీరు రొయ్యలతో నిండుతారు."

ఆ రొయ్యలు ఎవరు తింటారో నేను అడగలేదు. షంషాద్ నడుంపట్టీ కుట్టింది. చొక్కా కింద కట్టుకుంటే కొంచెం బొజ్జ వచ్చినట్టు కనిపించింది. అద్దంలో చూసుకుంటే పాత మనిషిలాగే ఉన్నాను.

నాంచారమ్మగారూ, ఈ పేజీ మీరు చదువుతారని తెలిసే రాస్తున్నాను.

(అంచున: ఈ వారం కళ్ళజోడు దొరకడం లేదు.)

నమోదు 14

కాటా నూట నాలుగు చూపించింది. భుజంగంగారు ముద్ర వేశారు. "సంతోషం మాస్టారూ, ముఖం కూడా తేరుకుంది" అన్నారు. నమస్కారం పెట్టి, వచ్చేటప్పుడు చెత్తబండి దించిన వెనక తలుపు వైపు కాకుండా ముందు వైపు నుంచి బయటికి నడిచాను.

తూనికల ఆఫీసు బయటి ద్వారం పక్కనే ఉంటుంది. ఆ ద్వారం పక్క గోడలో ధూళి అయస్కాంతం ఉంటుంది. బయట తిరిగి వచ్చినవాళ్ళ బట్టలకు అంటిన నల్లదుమ్మును అదే లాగేస్తుంది. ఏళ్ళ తరబడి అందరం దాని ముందు నుంచే నడుస్తున్నాం. మాకు అది గోడలో ఒక భాగం. ఈ ఊళ్ళో చెంచాలు ప్లాస్టిక్, గుండీలు ప్లాస్టిక్, మంచాలు అల్యూమినియం. ఇనుము మోసుకు తిరిగే మనిషి ఉండడు. అందుకే నలుగురం కలిసి ఆలోచించినా ఒక్కరికీ అది గుర్తురాలేదు. జీవితమంతా నేల గురించీ ఇనుము గురించీ చెప్పిన నాకు కూడా.

నా నడుం ముందు వెళ్ళింది. వెనక నేను వెళ్ళాను. గోడకు అతుక్కున్నాను.

బయట కాచుకుని ఉన్న షంషాద్ వచ్చి చేతులు పట్టి లాగింది. ఆ పిల్లే గాల్లోకి లేచింది.

"మాస్టారూ, అక్కడేం చేస్తున్నారు?" అన్నారు భుజంగంగారు గుమ్మంలో నిలబడి.

"ఆలోచిస్తున్నాను."

"గోడకు అంటుకునా?"

"ఇలా అయితే బాగా ఆలోచించవచ్చు సార్" అంది షంషాద్ గాల్లోంచి.

అప్పుడు కుట్లు తెగాయి. నట్లు ఒక్కొక్కటే చొక్కా కింది నుంచి బయటికి వచ్చి, టక్కు టక్కుమని గోడకు వరసగా అతుక్కున్నాయి. భుజంగంగారు ఆఖరిదాని దాకా ఓపిగ్గా నిలబడి చూశారు. దగ్గరికి వచ్చి ఒకదాని మీది ముద్ర చదివారు. మంచు విభాగం.

నా పేరు కొట్టేశారు. దీవెనను చక్రానికి పంపాలని రాశారు. వచ్చే బండికే.

నమోదు 15

భుజంగంగారి ఆఫీసుకు వెళ్ళాను. ఏడాది తర్వాత ఒక మనిషిని ఒకటి అడిగాను. ఆ పిల్లను పంపవద్దని.

ఆయన చాలాసేపు బల్ల మీది నట్లను అటూ ఇటూ జరిపారు. "పక్క ఊరి ఆ బిడ్డను నేను చూశాను మాస్టారూ. చేతికి కట్టు కట్టిన పసిగుడ్డు. ఆ రోజు కాటా దగ్గర సంతకం పెట్టింది నా స్నేహితుడు. పోనీలే మూడు నాలుగు కేజీలే కదా అనుకున్నాడు."

లేచాను.

"టీ తాగి వెళ్ళండి" అన్నారు. తాగాను. చక్కెర రెండు చెంచాలు ఎక్కువ వేశారు. చూడనట్టు ఊరుకున్నాను.

దీవెనకు చెప్పాను. డ్రిల్లు గదిలో చేతి తొడుగులు విప్పుతోంది. "నట్లు నావి. మీ తప్పు కాదు బాబాయ్" అంది. "అక్కడ మత్తు ఇవ్వకుండా ఉండమంటే ఊరుకుంటారంటారా?" అంది. నాకు తెలుసు, ఊరుకోరు. తనకూ తెలుసు. తొడుగులు మళ్ళీ తొడుక్కుని మళ్ళీ విప్పింది.

నమోదు 16

బండి రావలసిన రోజు పొద్దున్న దీవెన అజీర్తి అంది. నడవాలో కమ్మీ పట్టుకుని అటూ ఇటూ నడిచింది. ఎవరు పలకరించినా రొయ్యలు పడలేదంది. నడుస్తూ మధ్యమధ్య ఆగి, కమ్మీ మీద నుదురు ఆనించి, మళ్ళీ నడిచింది. అది ఏ అజీర్తో నాంచారమ్మగారు గుర్తుపట్టారు. గుర్తుపట్టి ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం బండి వచ్చేసరికి దీవెన పురిటి గదిలో ఉంది. భుజంగంగారు కాగితం పట్టుకుని వచ్చారు. నేను వీడ్కోలు చెప్పడానికని వచ్చి గోడ పక్కన నిలబడి ఉన్నాను.

"ఇప్పుడు బయల్దేరితే దారిలో కంటుంది" అన్నారు నాంచారమ్మగారు. "బండిలో ఒడి ఎవరు? మీరా, డ్రైవరా?"

"మోసం చేశారు" అన్నారు భుజంగంగారు.

"నేను కాదు. బిడ్డ చేసింది. రాయండి కావాలంటే."

దీవెనకు నొప్పి వచ్చింది. మంచం మీద నుంచి జానెడు లేచి మళ్ళీ వాలింది. "బాబాయ్, రండి" అంది.

నేను భుజంగంగారి వైపు చూశాను.

"తొంభై ఏడు" అన్నారాయన.

"నాతో కలిపి నూట నలభై ఐదు" అన్నాడు రత్నం. అతను మాట్లాడతాడని ఎవరూ అనుకోలేదు. "నిబంధనలో ఒడి బరువు అనే ఉంది సార్. ఒక్క మనిషి అని లేదు. రాత్రంతా చదివాను."

భుజంగంగారు కాగితం తిప్పి చదువుకున్నారు. ఇంకో నొప్పి వచ్చింది. ఆయన చదవడం పూర్తికాకముందే నేను దీవెన వెనక ఒడి స్టూలు మీద కూర్చున్నాను.

స్టూలు ఒక్కరికి చేసింది. ఇద్దరం ఎక్కేసరికి వెనక్కి ఒరిగింది. దాన్ని తన్నేసి నేల మీద కూర్చున్నాం. నా వెనక రత్నం, నా ఒళ్ళో దీవెన. ముక్కమన్నారు నాంచారమ్మగారు. దీవెన ముక్కింది. రోజూ డ్రిల్లు తొక్కే కాళ్ళవి. నూరు కేజీల నిబంధన రాసినవాళ్ళు ఆ కాళ్ళను చూడలేదు. ముగ్గురం కలిసి గోడ వెంట మెల్లగా పైకి జారాం. మెల్లగా కిందికి దిగాం. రత్నం నా వీపుకు కరుచుకుని క్షమించమని ఎవరినో అడుగుతున్నాడు.

"ఇలా అయితే పక్కకు పడతారు" అన్నారు నాంచారమ్మగారు, తల ఎత్తకుండా. "భుజంగంగారూ, మీరు భయపడ్డది ఇదే కదా. కూర్చోండి."

"నేనా?"

"ఇక్కడ ఇంకెవరున్నారు నూట ముప్ఫై?"

"సర్వీసు నియమాల్లో..."

"పరాయి స్త్రీ కాదు. రత్నాన్ని కూర్చోబెట్టుకోండి."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. బూట్లు విప్పారు. మెడలోని గుర్తింపు కార్డు తీసి షంషాద్‌కు ఇచ్చారు. గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపి కూర్చుని, రత్నాన్ని ఒళ్ళోకి లాక్కున్నారు. రత్నం నన్ను, నేను దీవెనను.

తర్వాతి నొప్పికి ఎవరం కదల్లేదు.

భుజంగంగారికి కొద్దిగా ఆయాసం ఉన్నట్టుంది. ఆయన ఊపిరి రత్నం గుండా నాకు తెలుస్తోంది. నిదానించండి అన్నాను భుజం మీదుగా. నిదానించారు. ఇంకో రెండు నొప్పుల తర్వాత రత్నం తల నా వీపు మీద వాలింది. స్పృహ తప్పాడు. మా ఇద్దరి మధ్య పడడానికి చోటు లేక అలాగే కూర్చుని ఉన్నాడు. లేపనా అంది షంషాద్. వద్దు, స్పృహ లేకపోయినా బరువు అంతే ఉంటుంది అన్నారు నాంచారమ్మగారు.

తర్వాత కష్టమైంది. తల కనిపిస్తోంది గాని రావడం లేదు. దీవెన ఒళ్ళంతా బిగుసుకుంది. నా చేతిలో గోళ్ళు దించింది. "నావల్ల కాదు. మత్తు ఇవ్వండి. చక్రానికి తీసుకుపోండి" అంది. బిడ్డ గుండె చప్పుడు నెమ్మదిస్తోందని షంషాద్ మెల్లగా అంది. నాంచారమ్మగారు నా ముఖం వైపు చూశారు. చాలా త్వరగా ఏదో ఒకటి జరగాలి అన్న చూపు అది.

అక్కడ నేనేం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. పట్టుకుని ఉన్నాను. అంతే గుర్తు.

ఒక్కసారిగా దీవెన ఒళ్ళు వదులైంది. తల వచ్చింది. తర్వాత భుజం, తర్వాత అంతా. ఇక్కడ బిడ్డలు జారిపడరు, తేలి వస్తారు. నాంచారమ్మగారి చేతుల్లోకి నింపాదిగా వచ్చి, ఏడ్చింది. ఆడపిల్ల.

దీవెన తల ఎత్తి చూసింది. బొడ్డు కోయనివ్వలేదు కాసేపు. చూస్తూనే ఉంది.

వెనక నుంచి భుజంగంగారు అడిగారు, "అయిపోయిందా? నాకిక్కడ రత్నం తల తప్ప ఏమీ కనిపించడం లేదు."

నమోదు 17

భుజంగంగారి నివేదిక నాంచారమ్మగారు చూపించారు. ఒడి బరువు నిబంధనకు మించి ఉన్నది అని ఒక్క వాక్యం. ఒడి ఎవరు అన్నచోట "స్థానికులు" అని ఉంది. నా పేరు తిరిగి చేర్చారు, వచ్చే నెల కాటా ఎక్కాలన్న షరతుతో. నట్లు మంచు విభాగానికి తిరిగి పంపారు.

దీవెనను చూడటానికి వెళ్ళాను. పిల్ల నిద్రపోతోంది. రత్నం కుర్చీలో ఉన్నాడు. నుదుటి మీద తడిగుడ్డ. తనకేమీ కాలేదని, కళ్ళు మూసుకున్నానంతేనని నాకు రెండుసార్లు చెప్పాడు.

"బాబాయ్, మిమ్మల్ని ఎందుకు ఎంచుకున్నానో గుర్తుందా?" అంది దీవెన.

"మాట్లాడనని."

"నావల్ల కాదన్నానే, అక్కడ మొదలెట్టారు. బిడ్డ వచ్చేదాకా నా చెవిలో ఒకటే వాగుడు."

"నేనా?"

"భుజంగంగారిని అడగండి. ఆయనా విన్నారు."

"ఏం వాగాను?"

"మీ ఆవిడ గురక పెట్టేదట. పెట్టనని దబాయించేదట. మీరొక రోజు రికార్డు చేసి వినిపిస్తే, ఇది నేను కాదు, గాలి యంత్రం అందట. యంత్రం ఆపి మళ్ళీ రికార్డు చేస్తానంటే, ఊపిరాడక చస్తాం, నీ పంతం కోసం నన్ను చంపుతావా అందట." పిల్ల మీది గుడ్డ సర్దింది. "నాకు నవ్వు వచ్చేసింది. అంత నొప్పిలో. నవ్వితే ఒళ్ళు వదిలేసింది. ఆ నవ్వులోనే పిల్ల వచ్చింది. మీరేమో అక్కడితో ఆపేశారు. తర్వాతేమైంది?"

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఏముంది. ఒక పూట మాటల్లేవు. తర్వాత ఆవిడే మాట్లాడింది. పప్పులో ఉప్పు సరిపోయిందా అంది."

"ఆ రికార్డు ఉందా?"

"ఫోన్లో ఉంది."

"తర్వాత ఎప్పుడైనా విన్నారా?"

"లేదు."

"పెట్టండి" అంది.

పిల్ల లేస్తుందన్నాను. లేవదంది. ఫోన్లో వెతికి పట్టుకున్నాను. వాళ్ళిద్దరూ తొందరపెట్టలేదు. పెట్టాను.

మొదట ఏమీ లేదు. తర్వాత మొదలైంది. సన్నగా లేచి, మధ్యలో ఒకచోట ఆగి, కిందికి దిగుతుంది. రత్నం తడిగుడ్డ తీసి, ముందుకు వంగి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"నేను చిన్నప్పటి నుంచీ గాలి విభాగంలో ఉన్నాను మాస్టారూ" అన్నాడు. "ఇది పాత రకం ఫ్యాను. బేరింగు అరిగింది."

"యంత్రమే" అంది దీవెన. "అనవసరంగా ఆవిడ మీద నింద వేశారు."

మధ్యలో వకుళ ఇటు నుంచి అటు తిరిగి పడుకుంది. దుప్పటి చప్పుడు వినిపించింది. మళ్ళీ మొదలైంది.

"అదిగో, దుప్పటి" అన్నాను.

"ఫ్యానుకు దుమ్ము తొడుగు ఉంటుంది" అన్నాడు రత్నం. "అది కదిలింది."

ఇద్దరు సాక్షులు. ఎనిమిదేళ్ళ వ్యాజ్యం. ఓడిపోయాను.

"ఇంకోసారి పెట్టండి" అంది దీవెన.

పెట్టాను.